‘ఫేజ్ సెపరేషన్’కి ‘పలుకు’ సరిపోతుందా?

తిరుపతి నుంచి అడుగుతున్నాను. ఎమ్మెస్సీ పిల్లలకు మాంగనైట్ల (మాంగనీసు ఆక్సైడు స్ఫటికాల) మీద తెలుగులో నోట్స్ రాస్తూ ‘మాగ్నెటిక్ ఫేజ్ సెపరేషన్’ దగ్గర ఆగిపోయాను. ఫేజ్‌కి ‘ప్రావస్థ’తో ఇబ్బంది లేదు, పుస్తకాల్లో ఉన్నదే. సెపరేషన్‌కి ‘వేర్పాటు’ అంటేనే చిక్కు. నూనె, నీళ్లు విడిపోయినట్టు రెండు పదార్థాలు వేరయ్యాయనుకుంటున్నారు.

జరిగేది అది కాదు. లాంథనం మాంగనీసు ఆక్సైడులో కొంత లాంథనం బదులు కాల్షియం ఎక్కిస్తారు. (డోపింగ్ అనే దీని తెలుగు పేరు మాదీకరణం. మత్తుమందు గుర్తొస్తే నా తప్పు కాదు.) అప్పుడు ఒకే స్ఫటికంలో ఒకచోట ఫెర్రో అయస్కాంతం (పరమాణువుల బుల్లి అయస్కాంతాలన్నీ ఒకే దిక్కు), కరెంటు పారుతుంది. పక్కనే యాంటీఫెర్రో (పక్కపక్కవి ఎదురెదురు దిక్కులు), అక్కడ పారదు. 1999లో ప్రసియోడిమియం కూడా కలిసిన మాంగనైటులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ మచ్చలు చూశారు. ఒక్కోటి మైక్రోమీటరు కన్నా చిన్నది.

రాత్రి అన్నం దించుతుంటే తట్టింది. గిన్నె ఒకటే, బియ్యం అవే, నీళ్లవే. అడుగున మెత్తగా ఉడికింది, పైన మెతుకు నొక్కితే మధ్యలో తెల్లగా పలుకు. ‘అయస్కాంత పలుకు’ అంటే నవ్వుతారా?

పలమనేరు: నవ్వను గానీ ఒప్పుకోను సార్. పలుకంటే ఉడకాల్సింది ఉడకలేదని. యాంటీఫెర్రో అంత లోకువా? పాలు విరిగినట్టు ‘విరుపు’ అందాం.

తిరుపతి: విరిగితే తరక వేరు, నీళ్లు వేరు. నేను వద్దంటున్నది అదే కదా.

చిత్తూరు: పలుకు లోకువని ఎవరన్నారు నాయనా? పులిహోరకి పలుకు మీదే దించుతాం. లేకుంటే చింతపండు పులుసు కలిపేసరికి ముద్దయిపోతుంది.

తిరుపతి: బాగా చెప్పారమ్మా. ఇంకోటి కూడా కుదిరింది. ఇంకాస్త సెగ తగిలితే పలుకు మగ్గుతుంది. ఇక్కడ సెగ బదులు అయస్కాంత క్షేత్రం. అది పెంచితే యాంటీఫెర్రో మచ్చలు ఫెర్రోగా మారతాయి, విడివిడిగా ఉన్న దారులు ఒకదానికొకటి తగులుకుంటాయి, ఈ కొస నుంచి ఆ కొసకు కరెంటు పారుతుంది. నిరోధం వేల రెట్లు పడిపోగలదు.

పలమనేరు: మగ్గిన పలుకు మళ్లీ పలుకు కాదు. మీ మచ్చ?

తిరుపతి: కొన్ని మాంగనైట్లు బాగా చల్లగా ఉన్నప్పుడు, క్షేత్రం తీసేసినా ఫెర్రోగానే ఉండిపోతాయి. మళ్లీ వేడిచేస్తేనే మొదటికొస్తాయి. అన్నాన్ని అలా వెనక్కి తేలేం, అక్కడ మీరే గెలిచారు. నోట్స్‌లో ‘ప్రావస్థల కలబోత’ అని రాసి, పక్కన పలుకు మెతుకు బొమ్మ వేస్తాను.