శరణాలా, చరణాలా? ఆటో వెనక రాత మీద చర్చ

పోస్టు:
నిన్న సాయంత్రం అలిపిరి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ముందున్న ఆటో వెనక పసుప్పచ్చ పెయింటుతో పెద్దక్షరాల్లో ఉంది: "ఏడుకొండలవాడా, నీ శరణాలే మాకు శరణం". నవ్వొచ్చింది. చరణాలు అనబోయి శరణాలు అన్నాడు పాపం అనుకున్నా. ఇంటికొచ్చాక నవ్వు పోయి అనుమానం పట్టుకుంది. ఇంతకీ శరణం అంటే ఏంటి? ఎండాకాలం వస్తే పేపర్లో "ట్యాంకర్లే శరణ్యం" అని హెడ్డింగు పెడతారు. బస్సు రాని ఊరికి "ఆటోలే శరణ్యం". అంటే గతిలేక పట్టుకునేది అని. మరి "బుద్ధం శరణం గచ్ఛామి" అన్నవాళ్లూ, "స్వామియే శరణం" అన్నవాళ్లూ గతిలేకే అన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు:
అన్నా, పెయింటర్‌ని ఏమీ అనొద్దు. మా నాయన బోర్డులు రాసేవాడు, నేనూ రాస్తాను. ఆయనతో పనిచేసినవాళ్లలో సగం మంది తమిళం చదువుకున్నవాళ్లే. తమిళంలో చరణానికీ శరణానికీ మామూలుగా ఒకటే అక్షరం. పల్లవి తర్వాత వచ్చే చరణం, అయ్యప్ప శరణం, రెండూ ఒకేలా రాస్తారు. అలవాటైన చెయ్యి తెలుగులోకి వచ్చేసరికి ఎక్కడ చ, ఎక్కడ శ అని తడబడుతుంది. ఇంకోటి. వేలూరు వైపు పోతే పేపరు పోస్టర్ల మీద ఫలానా కేసు నిందితుడు కోర్టులో "సరణ్" అని ఉంటుంది. మనం లొంగిపోయాడు అంటామే, అది. సామికీ అదే మాట, జడ్జికీ అదే మాట!

రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, మంచి ప్రశ్న. సంస్కృత నిఘంటువు అమరకోశం ఒక్క ముక్కలో తేల్చేసింది: "శరణం గృహరక్షిత్రోః". శరణం అంటే ఇల్లు, కాపాడేవాడు. ఓడిపోవడం, లొంగిపోవడం అందులో లేవు. శరణ్యం అంటే శరణు ఇవ్వగలిగినది. విభీషణుడు లంక వదిలి వచ్చి రాముణ్ణి "సర్వలోక శరణ్యుడు" అన్నాడు. ఆ మాటను మనం ట్యాంకరుకు కట్టబెట్టాం.

ఇక మీ ఆటో రాత. చరణాన్నీ శరణాన్నీ పక్కపక్కన పెట్టడం పెయింటర్ సొంత తెలివి కాదు. రోజూ సుప్రభాతంతో పాటు వినే ప్రపత్తి స్తోత్రంలో దాదాపు ప్రతి శ్లోకం "శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే" అనే ముగుస్తుంది. అందులో ఒక శ్లోకం చూడండి:

పార్థాయ తత్సదృశ సారథినా త్వయైవ
యౌ దర్శితౌ స్వచరణౌ శరణం వ్రజేతి
భూయోఽపి మహ్యమిహ తౌ కరదర్శితౌ తే
శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే

అప్పుడు సారథిగా అర్జునుడికి శరణు పొందమని ఏ పాదాలు చూపించావో, వాటినే ఇక్కడ మళ్లీ నాకు చేత్తో చూపిస్తున్నావు అని. మూలవిరాట్టు కుడి చెయ్యి కిందికి చూపిస్తూ ఉంటుంది కదా, గీత 18వ అధ్యాయంలోని "మామేకం శరణం వ్రజ"ను ఆ చేతికి ముడిపెట్టాడు కవి. లడ్డూ కౌంటర్ తొందరలో ఆ చెయ్యి చూసేవాళ్లు ఎంతమందిలే!

పాలీ కొంత చదువుకున్న అక్క:
మాస్టారూ, "వ్రజ" దగ్గర ఒక్క నిమిషం. వ్రజ అంటే వెళ్లు. దేవుడు చెబుతున్నాడు. "గచ్ఛామి" అంటే వెళ్తున్నాను. మనిషి తనంతట చెబుతున్నాడు. నామవాచకం ఒకటే, మతం తేడా అంతా క్రియలో ఉంది. బుద్ధుడు "నా దగ్గరికి రా, పాపాలు పోగొడతాను" అనలేదు. బుద్ధుడి మాటల సంకలనం ధమ్మపదంలో ఏముందంటే, భయపడ్డ మనుషులు కొండల్నీ అడవుల్నీ తోటల్నీ పవిత్ర వృక్షాల్నీ శరణు జొస్తారు, అది క్షేమమైన శరణం కాదు. బుద్ధ, ధమ్మ, సంఘాలను శరణు జొచ్చినవాడు దుఃఖం, దానికి కారణం, దాని అంతం, అంతం చేసే ఎనిమిదంగాల దారి, ఈ నాలుగూ చూస్తాడట. అంటే చూడాల్సింది, నడవాల్సింది నువ్వే. చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడితో "అత్తసరణా అనఞ్ఞసరణా" అన్నాడు. మీకు మీరే శరణం, వేరే శరణం వద్దు అని.

ఒక సభ్యుడు:
కొండ కింద కాపురముంటూ కొండ శరణం కాదంటారేంటక్కా!

పాలీ అక్క:
నేననలేదు నాయనా, ధమ్మపదం అంది. నేనూ శనివారం శనివారం కొండెక్కేదాన్నే. చైనా వాళ్ల సంగతి కూడా వినండి. బౌద్ధం అక్కడికి వెళ్లినప్పుడు శరణు పొందడాన్ని "గుయీయీ" అన్నారు. "గుయీ" అంటే తిరిగి రావడం, "యీ" అంటే ఆధారపడటం. ఇంటికి తిరిగి రావడమన్నమాట. మాస్టారు చెప్పిన అమరకోశం గృహం అక్కడ కూడా తలుపు తీసింది.

పోస్టు పెట్టిన నేను:
జైనులకు కూడా ఇది ఉంది. మా షాపు పక్కన సేటు రోజూ గల్లాపెట్టె తెరిచే ముందు కళ్లు మూసుకుని గొణుగుతుంటాడు. ఒకరోజు అడిగితే చెప్పాడు: "చత్తారి సరణం". నాలుగు శరణాలట: అరిహంతులు (రాగద్వేషాలు జయించినవాళ్లు), సిద్ధులు (మోక్షం పొందినవాళ్లు), సాధువులు, కేవలి (సంపూర్ణ జ్ఞాని) చెప్పిన ధర్మం. అయితే సిద్ధులు వరాలిస్తారా అన్నాను. ఇవ్వరు, వాళ్లకు మన లెక్కలతో పని లేదు, కర్మ ఎవరిది వాళ్లే కరిగించుకోవాలి అన్నాడు. పైగా వాళ్లు మననం చేసే పన్నెండు భావనల్లో ఒకటి "అశరణం". చావు వచ్చినప్పుడు అమ్మా నాన్నా డబ్బూ ఎవరూ అడ్డం రారు అని రోజూ తలుచుకోవడం. శరణం అంటూనే అశరణం! వడ్డీ లెక్కల మధ్య ఈ మాట వినేసరికి నోట మాట రాలేదు.

మాస్టారు:
క్రియ సంగతి అమ్మాయి బాగా పట్టుకుంది. కానీ "ప్రపద్యే" కూడా ఉత్తమ పురుషే కదమ్మా. "నేను" పొందుతున్నాను అని. పొందేది నేనైతే దేవుడి గొప్పేముంది? ఈ చిక్కు మీదే శ్రీవైష్ణవులు రెండు దారులయ్యారు. వడగలై వారిది మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్ట గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే మెడ దగ్గర కరుచుకుపోతుంది. పోతన ఏనుగు మొదట కోతిపిల్లే. మొసలితో ఏళ్ల తరబడి పెనుగులాడింది. "లావొక్కింతయు లేదు" అన్నాక పిల్లిపిల్ల అయింది.

పాలీ అక్క:
గీతలో ఇంకో శరణం కూడా ఉంది మాస్టారూ, రెండో అధ్యాయంలో. "బుద్ధౌ శరణమన్విచ్ఛ". బుద్ధిలో శరణం వెతుక్కో అని. నన్ను శరణు పొందు అన్న ఆయనే, అంతకుముందు ఈ మాట అన్నాడు. నాకు ఇదే దగ్గరగా అనిపిస్తుంది.

మాస్టారు:
అనిపిస్తుందిలే, నీకు వయసుంది. నాకు మోకాళ్ల నొప్పులొచ్చాక పిల్లిపిల్ల సిద్ధాంతమే బాగుంది.

చిత్తూరు తమ్ముడు:
అన్నా, ఆ ఆటో మళ్లీ కనిపిస్తే నా నంబరివ్వు. మొదటి "శ"ను "చ" చేసిస్తా. డబ్బులొద్దు.

పోస్టు పెట్టిన నేను:
ఇస్తాను తమ్ముడూ. రెండో "శ" జోలికి మాత్రం పోకు.