అలాతచక్రం అనే మాట అన్ని భ్రమలకీ సరిపోతుందా?

గ్రూపులో పెద్దలకి ఒక డౌట్. కదులుతుంటేనే కనబడి, ఆగగానే మాయమయ్యే ఆకారాల గురించి మా స్టూడెంట్స్‌కి తెలుగులో నోట్స్ రాస్తున్నా, అన్నిటికీ కలిపి అలాతచక్రం అని పెట్టేశా. అలాతం అంటే కొరివి, కొరకంచు, చీకట్లో గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనబడుతుంది కానీ అక్కడ చక్రం లేదు. గౌడపాదుల అద్వైత గ్రంథం మాండూక్య కారికల్లో నాలుగో ప్రకరణం పేరే అలాతశాంతి కదా. ఓకేనా?

*

మాట బావుంది మేడమ్, అన్నిటికీ మాత్రం వద్దు. కొరివి నిజంగానే ఆ దారంతా తిరిగింది, దాని వెలుగు ముద్ర మన చూపులో కాసేపు నిలిచింది, అంతే. 1765లో ఫ్రాన్స్‌లో దార్సీ అనే ఆయన మండే బొగ్గుని యంత్రంతో తిప్పి ఆ ముద్ర సుమారు 0.13 సెకను ఉంటుందని లెక్క తేల్చాడు, అంటే సెకనుకి ఏడెనిమిది చుట్లు తిరిగితేగానీ చక్రం పూర్తవదు, చేత్తో మామూలుగా తిప్పితే తోక కనబడుద్ది అంతే. దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తితో గాల్లో పేర్లు రాసేదీ ఇదే. షట్టర్ కాసేపు తెరిచి ఫొటో తీస్తే కెమెరాకి కూడా దొరుకుతుంది.

రెండో రకం వేరే. స్క్రీన్ నిండా చుక్కలు, వాటిమీదుగా గీయని ఆకారం ఒకటి జరుగుతూ పోతుంటుంది, దాని పరిధిలోకొచ్చిన చుక్క రంగు మారుద్ది, దాటిపోగానే మళ్ళీ పాత రంగు. 1994లో షిప్లీ, కెల్‌మన్ అనే పరిశోధకులు చూపించారు, చుక్కకీ చుక్కకీ మధ్య ఖాళీలో కూడా అంచు గీసినట్టే కనబడుతుంది, ఆపితే ఉత్త చుక్కలు. ఈ అంచు ఏ కెమెరాకీ దొరకదు, ఎందుకంటే ఏ ఫ్రేములోనూ అది లేదు. బెరడు మీద తొండని కదిలాకే ఎందుకు పట్టుకుంటాం? ముందువైపు బెరడు మచ్చలు మూసుకుపోతూ వెనకవైపు బయటపడుతూ ఉంటాయి, మెదడు దాన్నిబట్టి అంచు కడుతుంది. అక్కడ తొండ ఉంది, స్క్రీన్ మీద లేదు, మెదడు చేసే పని మాత్రం ఒకటే.

*

మాస్టారూ, అలాతశాంతిలో 49వ కారిక, అంటే శ్లోకం చూడండి.

అలాతే స్పందమానే వై నాభాసా అన్యతోభువః
న తతోఽన్యత్ర నిస్పందాన్నాలాతం ప్రవిశంతి తే

కొరివి కదిలేటప్పుడు ఆ ఆకారాలు ఎక్కడినుంచో రాలేదు, ఆగాక ఇంకెక్కడికీ పోలేదు, కొరివిలోకీ దూరలేదు. మీ చుక్కల అంచుకి ఇది అతికినట్టు సరిపోతోందిగా, ఇంకా పేచీ ఎందుకు 😀

*

శ్లోకానికి పేచీ లేదండీ, గౌడపాదులు చెప్పాలనుకున్నది విజ్ఞానం, అంటే చైతన్యం గురించి, కొరివి ఉపమానం. నోట్స్‌లో ఒకే పేరు పెడితే పిల్లలు కారణం కూడా ఒకటే అనుకుంటారు, నా బాధ అదీ. సినిమా బొమ్మ కదలడానికి కారణం చూపు నిలవడమే అని ఇప్పటికీ ఎన్ని చోట్ల రాస్తున్నారో చూడండి. 1912లో వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు గీతల్ని కొంచెం ఎడంగా ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తే ఒక్కటే గీత జరిగినట్టు కనబడింది. ముద్ర నిలవడమే కారణమైతే రెండూ పక్కపక్కన కనబడాలి, కదలిక ఎక్కణ్ణించి వస్తుంది?

*

అయితే రెండోదానికి కదలికంచు అందామా? కొరకంచు పక్కన ప్రాస కూడా కుదిరింది.

*

భలే ఉందన్నా, తీసేసుకుంటున్నా. కనీజా త్రిభుజం కూడా దీంట్లోనే వేసేయొచ్చా? 1955 నాటిది, మూడు నల్ల బిళ్ళల్లో తలో ముక్క కోస్తే మధ్యలో తెల్ల త్రిభుజం కనబడుతుంది చూడండి అది.

*

అది కదలకుండానే కనబడుతుంది కదమ్మా, కదలికంచు ఎలా అవుతుంది. పెద్ద హెడ్డింగ్ లేని అంచులు అని పెట్టి, దాని కింద కనీజాది ఒకటి, కదలికంచు ఒకటి పెట్టండి. అలాతచక్రం వేరే పేజీలో, కాకరపువ్వొత్తి బొమ్మతో.