శ్రీశైలంలో కరెంటు తీసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? మన జిల్లాకి లాభమా, నష్టమా?

దోర్నాల కందిచేను:
అందరికీ నమస్కారం. మాది దోర్నాల దగ్గర పల్లె. ఘాట్ రోడ్డు ఎక్కితే గంటన్నరలో శ్రీశైలం డ్యామ్ దగ్గర ఉంటాం. గేట్లు ఎత్తిన రోజుల్లో జనం బండ్లు కట్టుకుని మా ఊరి మీదుగానే చూడ్డానికి వెళ్తారు, మేం మాత్రం వేసవి వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చుంటాం. ప్రతి ఏడాదీ టీవీలో ఒకటే గొడవ, మట్టం తక్కువున్నా కరెంటు తీసి నీళ్ళు కిందికి వదిలేస్తున్నారని. అసలు కరెంటు తీస్తే నీళ్ళు ఖర్చయిపోతాయా? మా ఊళ్ళో పెద్దవాళ్ళయితే కరెంటు తీసిన నీళ్ళలో సారం ఉండదు, పైరు ఎదగదు అంటారు. అందులో నిజమెంత? మన ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాలకి దీనివల్ల పోయేదేంటి, వచ్చేదేంటి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. పార్టీల గోల వద్దు.

పాత టర్బైన్:
తమ్ముడూ, జలవిద్యుత్ కేంద్రాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది, రిటైరయ్యాను. సారం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ మాట నేను నంద్యాల నుంచి నెల్లూరు దాకా విన్నాను. టర్బైన్ నీళ్ళలోంచి ఏమీ తీసుకోదు. పై నుంచి పడే నీటి బలం మాత్రమే వాడుకుంటుంది, లోపలికి ఎంత నీరు వెళ్తే బయటికి అంతా వస్తుంది. పెద్దవాళ్ళ మాటకి ఆధారం లేకపోలేదు. డ్యామ్ కట్టాక కిందికి ఒండ్రు రావడం తగ్గింది, కానీ అది కరెంటు వల్ల కాదు, ఆ ఒండ్రంతా డ్యామ్ వెనకాల రిజర్వాయర్‌లో పేరుకుంటోంది. మొదట్లో 308 టీఎంసీలు (ఒక్కో టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు) పట్టే శ్రీశైలం ఇప్పుడు 215 దగ్గరికి వచ్చింది. నన్నడిగితే అందరూ మాట్లాడాల్సింది దీని గురించే, ఎవరూ మాట్లాడరు.

ఇక నీళ్ళు ఎక్కడికి పోతాయంటే, నేరుగా నాగార్జునసాగర్‌లోకి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు శ్రీశైలం అచ్చంగా కరెంటు ప్రాజెక్టు. నల్లమల కొండల మధ్య ఇరుకు లోయలో కృష్ణకి అడ్డంగా కట్టారు. సాగునీళ్ళు, తాగునీళ్ళు తర్వాత వచ్చి చేరాయి, గొడవలన్నిటికీ మూలం అక్కడే ఉంది. కుడి గట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, అంటే 770. ఎడమ గట్టున కొండ తొలిచి భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు, అంటే 900. ఎడమ గట్టువి రివర్సిబుల్ యూనిట్లు, కింద నీళ్ళుంటే మిగులు కరెంటుతో వాటిని మళ్ళీ పైకి తోడొచ్చు. ఫుల్ లోడ్ మీద యూనిట్ తిరుగుతుంటే అరికాళ్ళలో అదురు తెలుస్తుంది, అలవాటైన మనిషి ఆ అదురులో తేడాని బట్టే ఎక్కడో ఏదో తేడా ఉందని పసిగట్టేవాడు. 2020 ఆగస్టులో ఆ ఎడమ గట్టు కేంద్రంలోనే మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. కరెంటు గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళని మర్చిపోకూడదు.

రెండు గట్లూ పూర్తిగా తిప్పితే రోజుకి సుమారు ఆరు టీఎంసీలు కిందికి దిగుతాయి. శ్రీశైలం మట్టం (సముద్ర మట్టం నుంచి లెక్క) 885 అడుగుల దగ్గర నిండుగా ఉన్నప్పుడు ఒక్క టీఎంసీకి దాదాపు 60 లక్షల యూనిట్ల కరెంటు వస్తే, 834కి పడిపోయాక అదే టీఎంసీకి 50 లక్షలకి అటూ ఇటూ వస్తాయి, అదీ కింద సాగర్ నిండుగా ఉందనుకుని వేసిన లెక్క. అంటే మట్టం తగ్గేకొద్దీ అదే కరెంటుకి ఎక్కువ నీళ్ళు దించాలి. అందుకే నా అభిప్రాయం ఒకటే. వరద పొంగి గేట్ల మీదుగా పోతున్నప్పుడు ఎంత కరెంటు తీసుకున్నా ఎవరి నోటి దగ్గరా లాక్కున్నట్టు కాదు, ఆ నీళ్ళు ఎలాగూ ఆగవు. వరద తగ్గి మట్టం దిగుతున్నప్పుడు తీసేదే మనల్ని దెబ్బ కొడుతుంది.

సోమశిల ఆయకట్టు:
అన్నా, మాది ఆత్మకూరు వైపు. పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. మా నెల్లూరోళ్ళకి నీళ్ళు వచ్చే దోవ వేరు. డ్యామ్‌కి పైన పోతిరెడ్డిపాడు దగ్గర తూములు ఉన్నాయి, అక్కడినుంచి బనకచర్ల, అక్కడ చీలి కొన్ని వెలుగోడు మీదుగా తెలుగుగంగలోకి, కొన్ని కుందూలోకి. కుందూ పెన్నాలో కలుస్తుంది, పెన్నా సోమశిలకి వస్తుంది. సోమశిల 78 టీఎంసీలు, కింద కండలేరు 68. అక్కడినుంచే చెన్నైకి కూడా తాగునీళ్ళు పోతాయి, 1983 ఒప్పందం ప్రకారం దారిలో పోయేవి కూడా కలిపి ఏడాదికి 15 టీఎంసీలు. ఇంత సంసారం ఆ తూముల మీద ఉంది.

పోతిరెడ్డిపాడు తూములు 841 అడుగుల దగ్గర ఉన్నాయి. 881 దాకా నీళ్ళుంటేనే 44 వేల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) లాగుతాయి, 854 దగ్గరయితే ఏడు వేలే. దానికంటే దిగితే ఇంకా పల్చబడిపోతుంది. కింద సాగర్‌కి దిగిన నీళ్ళు మాకు తిరిగిరావు, అది ఎంత పెద్ద ప్రాజెక్టయినా సరే. ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్ళిస్తారా లేదా అని సాగునీటి సలహా మండలి (ఐఏబీ) మీటింగ్ రోజున ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది. నారు పోయాలా వద్దా తెలీదు, విత్తనాలు కొనాలా వద్దా తెలీదు, కౌలుకి మాట ఇచ్చినోడి టెన్షన్ ఇంకో రకం. వర్షం లేక పంట పోతే దేవుడిదని సరిపెట్టుకుంటాం, ఎగువన నీళ్ళుండి మట్టం దిగిపోయినందువల్ల రాకపోతే మనసు ఒప్పదు.

డీబీసీ చివరి చేను:
మా దర్శి వాళ్ళ మాట కూడా వినండి. జిల్లా అంతా నష్టమని రాయొద్దు. సాగర్ కుడి కాలువ నీళ్ళు దర్శి బ్రాంచ్, ఒంగోలు బ్రాంచ్ కాలువల మీదుగా మాకు వస్తాయి, ఒంగోలు టౌన్ తాగేదీ సాగర్ నీళ్ళే. శ్రీశైలంలో కరెంటు తీయకపోతే, గేట్లూ ఎత్తకపోతే, సాగర్‌కి ఏం వస్తుంది? ఆగస్టు దాటాక సాగర్ ఖాళీగా ఉంటే మా పరిస్థితి ఏంటి? మేం కాలువ చిట్టచివర ఉన్నాం, పైన వాళ్ళందరూ వాడుకున్నాక మిగిలితేనే మాకు. ఒకే ఉమ్మడి జిల్లాలో పడమటోళ్ళకి, శ్రీశైలం నుంచి సొరంగాల్లో నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం, నీళ్ళు పైన ఆగాలి, తూర్పోళ్ళకి కిందికి దిగాలి. ఈ సంగతి ఒప్పుకోకుండా ఎవరు మాట్లాడినా సగం మాటే అవుతుంది.

పాత టర్బైన్:
దర్శి తమ్ముడు చెప్పింది న్యాయమైన మాట. అందుకే నేను కరెంటు వద్దనడం లేదు, సాగర్‌కి ఎప్పుడు ఎన్ని నీళ్ళు కావాలో దాన్ని బట్టి కరెంటు తీయాలంటున్నాను. కరెంటు కోసం నీళ్ళు దిగకూడదు, నీళ్ళ కోసం దించేటప్పుడు కరెంటు రావాలి. 2021లో రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్‌ల దగ్గర మోహరించే దాకా వెళ్ళిందంటే, ఈ వరస పాటించకపోవడం వల్లే.

గుండంచర్ల దారి:
మీరందరూ అడుగుల్లో, టీఎంసీల్లో మాట్లాడుతున్నారు, మాది వెలిగొండ ముంపు ఊరు. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు మూసి నల్లమల సాగర్ అనే రిజర్వాయర్ కట్టారు. నీళ్ళొస్తే పదకొండు ఊళ్ళు మునుగుతాయి. సర్వేకి వచ్చినవాళ్ళు మా ఇంటి గోడ మీద ఎర్ర పెయింటుతో వేసిన నంబరు వానలకి వెలిసిపోయి ఇప్పుడు సరిగ్గా కనపడను కూడా కనపడదు. కాలనీలో స్థలం అన్నారు, ప్యాకేజీ అన్నారు. పెళ్ళయి వేరుపడిన పిల్లలకి లెక్క ఏ తేదీ నుంచి అనేది తేల్చరు. ఇల్లు రిపేరు చేసుకోవాలన్నా ఎందుకులే మునిగేదే కదా అని ఆగిపోతాం, అలా ఆగి ఆగి పైకప్పు కురుస్తోంది. శ్రీశైలం కట్టినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వందకు పైగా ఊళ్ళని లేపేశారు, ఆ కుటుంబాల కష్టాలు ఇప్పటికీ వింటూనే ఉన్నాం. మార్కాపురానికి నీళ్ళు రావాలి, కాదనను, మా బంధువులూ అక్కడే ఉన్నారు. ముందు మాకు ఇవ్వాల్సింది ఇచ్చాకే నీళ్ళు వదలాలి.

దోర్నాల కందిచేను:
అన్నా, మీ మాటకి మా వైపు ఎవరూ అడ్డు చెప్పరు. మీ ప్యాకేజీ సంగతి మేం కూడా అడగాలి, ఆ నీళ్ళు తాగబోయేది మేమే కాబట్టి. పెద్దాయనకి ఇంకొక్క ప్రశ్న. వెలిగొండకి 1996లో శంకుస్థాపన చేశారు, 2024 మార్చిలో జాతికి అంకితం అన్నారు, రెండు సొరంగాలూ తవ్వేశారు, మిగతా పనులు సాగుతూనే ఉన్నాయి. రేపు అన్నీ పూర్తయినా శ్రీశైలంలో మట్టం లేకపోతే మా సొరంగంలోకి నీళ్ళు వస్తాయా?

పాత టర్బైన్:
రావు. సొరంగాలు మొదలయ్యే కొల్లంవాగు దగ్గర సుమారు 840 అడుగుల పైన నీళ్ళుంటేనే ఎక్కుతాయి, పంపులేమీ లేవు. మొదటి సొరంగం మూడు వేల క్యూసెక్కులు, రెండోది ఎనిమిదిన్నర వేలు. రెండూ కలిపితే రోజుకి ఒక టీఎంసీ. ప్రాజెక్టు లెక్క 43.5 టీఎంసీలు, అదీ వరద ఉండే 45 రోజుల్లోనే. అంటే మట్టం 840కి దిగిన ప్రతి రోజూ మీకు ఒక టీఎంసీ పోయినట్టే. వెలిగొండ పనులు ఎప్పుడు పూర్తి చేస్తారని అడిగేవాళ్ళు, ఆ నలభై అయిదు రోజులూ మట్టం నిలబెడతారా అని కూడా ఇప్పటినుంచే అడగండి. రాతపూర్వకంగా అడగండి.