మానుకు? మానుకొనా?

చిక్కుముడి: అమెరికా నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ మీద చిన్న వ్యాసం రాస్తున్నా. బేస్‌బాల్ గురించి కాదు, ఆట మానేశాక సంగతి. గురజాడ పాదం శీర్షికగా పెడదామని. "సొంత లాభం కొంత మానుకు" అనా, "మానుకొని" అనా? నిన్నట్నుంచీ నోట్లో నానుతోంది, తేలట్లేదు.

మాత్రాగణం: బల్ల మీద వేళ్లతో కొట్టి చూడండి. మాత్రల లెక్కన సొంత 3, లాభం 4, కొంత 3, మానుకు 4. "మానుకొని" అంటే 5. ముత్యాలసరం, అంటే గురజాడ ఛందస్సు, అక్కడే తెగుతుంది.

బొబ్బిలి కబుర్లు: లెక్కదాకా ఎందుకండీ! "తీసుకురా" అంటాం గానీ "తీసుకొనిరా" అని ఎవరంటారు? ఆయన మా విజయనగరం మనిషి, మా నోటి మాటే రాశాడు.

మాత్రాగణం: పుట్టింది ఎస్. రాయవరంలో, అదీ చెప్పండి. పైగా "తీసుకురా" గుంటూరులోనూ అంటారు.

పాతపేజీ: పేచీ "కు" దగ్గర కాదు, "కొంత" దగ్గర. మొత్తం మానుకోమనలేదు మహాకవి. రాబిన్సన్‌కి అతికేదీ అదే. 1957లో న్యూయార్కులో చాక్ ఫుల్ ఓ నట్స్ అనే కాఫీ హోటళ్ల కంపెనీకి సిబ్బంది వ్యవహారాల ఉపాధ్యక్షుడయ్యారు. జీతానికే. 1964లో అక్కడి నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంకు పెట్టినవాళ్లలో ఒకరు, బోర్డు ఛైర్మన్ కూడా. వేరేచోట అప్పు పుట్టని నల్లవాళ్లకి అక్కడ పుట్టింది. ఊరికే కాదు, వడ్డీకే. లాభం పూర్తిగా మానుకుంటే బ్యాంకెలా నడుస్తుంది?

చిక్కుముడి: 1966లో న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ రాక్‌ఫెల్లర్ దగ్గర కొలువు, 1970లో తక్కువ రాబడి వాళ్లకి ఇళ్లు కట్టే కంపెనీ కూడా ఉన్నాయి. "కొంత" లెక్క ఎక్కడ తెగుతుందో అక్కడా తెలీదు.

మాత్రాగణం: అంత అర్థం లాగకండి. "సొంత"కి జోడీగా "కొంత" పడింది, అంతే.

పాతపేజీ: అలాగైతే "ఒట్టి"కి జోడీగా "గట్టి" పడిందంటారా? "గట్టి మేలు తలపెట్టవోయ్"లో గట్టిదనమంతా ఆ మాటదే కదా!

మాత్రాగణం: "మేలు" కాదండీ, "మేల్". పొల్లు. "మేలు" అంటే ఒక మాత్ర ఎక్కువైపోతుంది.

బొబ్బిలి కబుర్లు: మా మాస్టారు "మేలు" అనే పాడించారు. యాభై ఏళ్లనుంచి తప్పు పాడుతున్నానా?

చిక్కుముడి: మరి నా శీర్షిక?

మాత్రాగణం: ఒక్క నిమిషం. గట్టి 3, మేల్ 2, తల 2...