"కాలురును నేవురు": కోర్‌కి తెలుగు మాట చమువా, అనీకినియా?

తాటాకు: అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధంలో (1863 జులై 1–3) రెండు సేనల అమరిక మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఒకదాన్ని మించి ఒకటైన బ్రిగేడ్, డివిజన్, కోర్ అన్న దళాల మాటల దగ్గరికి రాగానే, పత్తి నుంచి అక్షౌహిణి దాకా సేనని మెట్లుమెట్లుగా లెక్కపెట్టే నన్నయ ఆదిపర్వపు సీసం నోట్లో ఆడుతోంది: "వరరథ మొక్కండు, వారణ మొక్కండు, తురగముల్ మూఁడు, కాల్వురు నేవు..." పృతన దాకా గుర్తుంది. ఆ తర్వాత చమువు ముందా, అనీకిని ముందా? కోర్‌కి ఏది నప్పుతుంది?

సీసప్రియ: చమువే ముందు. దానికి మూడింతలు అనీకిని, అది పదింతలైతే అక్షౌహిణి. కానీ మీ పాదంలో గణం తప్పింది. "కాలురును నేవు" అని ఉండాలి. తురగముల్, మూఁడు కా, లురును, నేవు: నగ, ర, న, హ, అంటే రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఆ "ను" జారితే "లురునే" అవుతుంది, సూర్యగణం పోతుంది. "ర" కింది పాదంలోకి దిగి "రను సంఖ్య" అవుతుంది.

పాదచారి: "ను" సరే, ఒప్పుకున్నాను. "కాల్వురును" మాత్రం వదలను. "కా" ఎలాగూ గురువే, తర్వాత "లు" ఉన్నా "ల్వు" ఉన్నా గణం మారదు. తుర–ల్వురు ప్రాసయతీ చెడదు. "కాలురు" అంటే కాలుడికి బహువచనంలా వినబడుతుంది. పత్తికి, అంటే అన్నిటికన్నా చిన్న దళానికి, అయిదుగురు యములా?

సీసప్రియ: ఆ ధ్వని కోసమే నన్నయ అలా వేశాడంటాను. అక్షరరమ్యత అని తానే చెప్పుకున్న కవి. చావుకి సిద్ధమైన బంట్లను లెక్కపెడుతూ కాలుణ్ణి వినిపించడం ఆయనకే చెల్లు.

పటాలం: అసలు ప్రశ్నకి వస్తాను. ముందుగా, corps అన్న మాటని పలికేది కార్ప్స్ అని కాదు, మీరు రాసినట్టు కోర్ అనే. "మూఁట గుణించడం" దక్షిణాది సేనాపతి లీ సేనకి అతుకుతుంది, ఉత్తరాది సేనాపతి మీడ్ సేనకి అతకదు. 1863 మేలో కోర్ నాయకుడు జాక్సన్ పోయాక లీ తన రెండు కోర్లను మూడు చేశాడు; వాటి నాయకులు లాంగ్‌స్ట్రీట్, యూవెల్, ఏ.పీ. హిల్. 30 వేల మంది ఉన్న కోర్‌ని అడవి నేలలో ఒక్కడు నడపలేడన్నది ఆయన వాదన. కోర్‌కి మూడు డివిజన్లు, డివిజన్‌కి మామూలుగా నాలుగు బ్రిగేడ్లు. డివిజన్ నాయకుల్లో పికెట్ దగ్గర గెటిస్‌బర్గ్‌లో మూడే, రోడ్స్ దగ్గరా ఆండర్సన్ దగ్గరా అయిదేసి.

మీడ్‌కి కాల్బలపు కోర్లే ఏడు: 1, 2, 3, 5, 6, 11, 12. అశ్వదళానిది వేరే కోర్. డివిజన్‌కి రెండో మూడో బ్రిగేడ్లు. ఏడుగురికి విడివిడిగా ఆజ్ఞలు పంపడం కష్టం కనుక మూడు కోర్లను కలిపి ఎడమ పక్షమని కోర్ నాయకుడు రేనాల్డ్స్‌కి అప్పగించారు. ఆయన మొదటి రోజు పొద్దున్నే చనిపోయాడు.

బ్రిగేడ్ కింది దళమైన రెజిమెంట్‌కి పది కంపెనీలు, కాగితం మీద వెయ్యి మంది. గెటిస్‌బర్గ్ నాటికి చాలావాటిలో మూడు వందలు మిగిలితే ఎక్కువ. ఉత్తరాది రాష్ట్రాలు పాతవాటిని నింపకుండా కొత్త రెజిమెంట్లు లేపడం దీనికి పెద్ద కారణం. కాబట్టి, పత్తికి పది చొప్పున మెట్టుకి మూడింతలు చేస్తూ పోతే, రెజిమెంట్ గణమనే దళం (270), లీ డివిజన్ చమువు (7,290), లీ కోర్ అనీకిని (21,870). ఆయన కోర్లు 20 వేల పైచిలుకే.

సీసప్రియ: మీరు ఏనుగుల్ని కూడా మనుషుల్లో కలిపేశారు! అనీకినిలో రథాలు 2,187, ఏనుగులు అన్నే, గుర్రాలు 6,561. కాలిబంట్లు 10,935 మందే. అది మీడ్ కోర్‌కి దగ్గర, అవి సగటున 11 వేల చిల్లర కదా.

పటాలం: ఆ లెక్కన లీ కోర్‌కి మాటే మిగలదు. అనీకిని దాటితే నేరుగా అక్షౌహిణే, లక్షా తొమ్మిది వేల పైన కాల్బలం. రెండు సేనలూ కలిసి దాదాపు 1,65,000. ఒక్క అక్షౌహిణికి, 2,18,700కి, కూడా చాలలేదు.

పాదచారి: ఈ మెట్లన్నీ లెక్కల పద్యానికే. యుద్ధం నడిపించేటప్పుడు తిక్కనకి కావలసినవి మొన (సేన), మొగ్గరం (వ్యూహం). మీ వ్యాసానికీ అవే ప్రాణం. మీడ్ బారు గాలం ఆకారంలో ఉంది: కల్ప్స్ హిల్ ముల్లు, సెమెటరీ హిల్ వంపు, సెమెటరీ రిడ్జ్ కాడ, లిటిల్ రౌండ్ టాప్ కొస. లోపల్నుంచి సాయం అడ్డంగా దాటొచ్చు, లీ మనుషులు బయటి చుట్టంతా తిరిగి రావాలి. దాన్ని గాలపు మొగ్గరం అని రాయండి. తమ్మిమొగ్గరం (పద్మవ్యూహం) ఉండగా ఇది ఎందుకు ఉండకూడదు?

తాటాకు: గాలపు మొగ్గరం తీసుకుంటున్నాను. మరి తోపుల దళం బ్యాటరీ? ఉత్తరాదిలో ఎక్కువగా ఆరు తోపులు, దక్షిణాదిలో నాలుగు.

పటాలం: బ్యాటరీని మనుషులతో కాకుండా తోపులతో లెక్కించినట్టే పత్తిని రథంతో లెక్కించారు. కనుక పత్తి అనొచ్చు. ఇంకోటి, పేర్ల దగ్గర జాగ్రత్త. ఉత్తరాదివి అంకెలు, దక్షిణాదివి నాయకుల పేర్లు. లీ డివిజన్ నాయకుడు హెత్ మొదటి రోజే గాయపడ్డాడు, మూడో రోజు ఆ డివిజన్‌ని నడిపింది పెటిగ్రూ. అయినా అది హెత్ డివిజనే. "హెత్ దాడి చేశాడు" అని రాస్తే తప్పు.

సీసప్రియ: పత్తిలో రథం ఒక్కటే, బ్యాటరీలో తోపులు ఆరు. నేనొప్పను. పాదచారి గారూ, "కాల్వురు" నన్నయలోనే మరో చోట ఎక్కడ ఉందో చూపించండి, ఆ పద్యం గణాలు కూడా కట్టి మరీ.