అప్‌డేట్: "వరి తినేది యూరియానే" అన్న పదో తరగతి పిల్లలు

మాది కోనసీమలో కాలువ పక్క ఊరు. పైరుకు ఆహారం యూరియానే అని గట్టిగా నమ్మే రైతుబిడ్డలకు కిరణజన్య సంయోగక్రియ (ఎండ సాయంతో మొక్క తన ఆహారం తానే తయారుచేసుకోవడం) ఎలా బోధించాలని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన మాస్టార్లకు, టీచరమ్మలకు కృతజ్ఞతలు.

వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త ప్రయోగంతో మొదలుపెట్టడం చాలా మంచిదైంది. 1648లో అచ్చయిన ఆ వివరాల ప్రకారం, విల్లో మొక్క 5 ఏళ్లలో దాదాపు 74 కిలోలు పెరిగితే తొట్టిలో మట్టి తగ్గింది సుమారు 57 గ్రాములే. మరి ఆ బరువు ఎక్కడిది? నీళ్లదేనని తరగతంతా ఒక్క గొంతుతో అంది. హెల్మాంట్ కూడా అలాగే అనుకున్నాడు! గాలిలో 0.04 శాతమే ఉండే కార్బన్ డయాక్సైడ్ నుంచే కొబ్బరిచెట్టులోని కార్బన్ అంతా వచ్చిందంటే పిల్లలు చాలాసేపు ఒప్పుకోలేదు.

కాలువలోని హైడ్రిల్లా అనే నీటిమొక్కను గరాటు కింద ఉంచి, నీళ్లలో కాస్త వంటసోడా కలిపి ఎండలో పెట్టాం. ఆక్సిజన్ బుడగలు జోరుగా వచ్చాయి, నీడలోకి మార్చగానే తగ్గాయి. పిల్లలు నాతో మళ్లీ మళ్లీ చేయించారు.

తెల్ల మచ్చల మనీప్లాంట్ ఆకుకు అయోడిన్ పరీక్ష చేస్తే పచ్చని భాగమే నీలినలుపుగా మారింది, అంటే పిండిపదార్థం అక్కడే ఉంది. పరీక్షకు ముందు ఆకు పచ్చరంగు తీయడానికి వాడే స్పిరిట్‌ను నేరుగా మంటపై పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలోనే ఉంచాలి. ఈ జాగ్రత్త ఎవరూ మరవకండి.

యూరియా ఇచ్చేది నత్రజని. ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితానికీ ప్రొటీన్లకూ అది కావాలి. శక్తి మాత్రం మొక్క స్వయంగా తయారుచేసుకున్న పిండిపదార్థం నుంచే. "అందుకేనా సార్, యూరియా చల్లితే చేను పచ్చబడేది?" అని ఒక అమ్మాయి అడిగింది. ఎంత సంతోషమేసిందో!

వచ్చే వారం పాఠం పరాన్నజీవ పోషణ, అంటే వేరే జీవి నుంచి ఆహారం లాక్కుని బతకడం. అలా బతికే మొక్క, కంచె మీది బంగారు తీగను పిల్లలు తామే తెస్తామన్నారు.