అప్‌డేట్: సస్టైనబుల్ ఇంజినీరింగ్‌లో చేరాలా, మెకానికల్ తీసుకోవాలా?

డిగ్రీకి సస్టైనబుల్ ఇంజినీరింగ్ (పర్యావరణానికి హాని తగ్గేలా వస్తువులను, వ్యవస్థలను రూపొందించే చదువు) తీసుకుంటే కోర్ సబ్జెక్టుల్లో వెనకబడతానేమోనని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. అందులోనే చేరాను.

బాగా పనికొచ్చిన సలహా "కోర్సు పేరు పక్కనపెట్టి సిలబస్ చూడండి" అన్నది. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెటీరియల్స్, గణితం మెకానికల్ వాళ్లకున్నట్టే ఉన్నాయి. వాటిపైన లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అదనం: ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాల ప్రకారం ముడిసరుకు తవ్వకం నుంచి పారేసేదాకా ఒక వస్తువు పర్యావరణంపై వేసే భారమంతా లెక్కగట్టడం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఏళ్ల తరబడి నడిచే పంపు విషయంలో తయారీ లోహం కన్నా అది తాగే కరెంటే పెద్ద భారమని అంకెల్లో కనబడుతుంది!

అడ్మిషన్ల సలహాదారు అక్రెడిటేషన్ (కోర్సు నాణ్యతకు ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా చూడమన్నారు. ఇంజినీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం 1989లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వమున్న సంస్థ గుర్తింపు ఉంటే, మిగతా సభ్య దేశాల్లోనూ ఆ చదువును సమానంగా పరిగణిస్తారు. ఆ గుర్తింపు ఇచ్చేది యూనివర్సిటీ మొత్తానికి కాదు, ఒక్కో ప్రోగ్రామ్‌కు. ఇది తప్పకుండా చూసుకోండి.

ర్యాంకింగులు నా నిర్ణయానికి అక్కరకు రాలేదు. కోడింగ్ ముందే వచ్చి ఉండాలన్న బెంగా అనవసరం, పైథాన్ మొదటి ఏడాదే మొదలుపెట్టి నేర్పుతున్నారు.